పట్టీ కోయని హెల్మెట్లు

జూన్ 3

అక్కా,

మా షెడ్డు యజమాని పనికిరాని హెల్మెట్లకి రంగు పూయించి, ‘పరీక్షించినది’ అని చీటీ అంటించి, మీ కాపలా దళానికి అమ్ముతున్నాడు. ఆ చీటీ మీద సంతకం పెట్టేది తనిఖీ అధికారి. ఆయన కారు కూడా దిగకుండా పెడతాడు. కడిగేదీ రంగేసేదీ మేము. నేరం ఇది, చేస్తున్నవాళ్లు వీళ్లు. క్షేమ సమాచారాలతో మొదలుపెట్టడం మర్యాద అని తెలుసు. కానీ ఈ పని చేసొచ్చిన చేత్తో ‘క్షేమం’ అనే మాట రాయబుద్ధి కాలేదు.

నేనిక్కడ చేరినప్పుడు హెల్మెట్ అంటే ఇనుమే అనుకున్నాను. నువ్వూ అదే అనుకుంటున్నావేమో. ఇనుము కాదక్కా, గుడ్డ. గట్టి దారంతో నేసిన గుడ్డని పొరలు పొరలుగా పేర్చి, జిగురుతో అదిమి చేసిన డొప్ప. తూటా తగిలితే ఆ పొరలే ఒకదాని వెనక ఒకటి సాగి దాన్ని పట్టుకుంటాయి. వాడిన హెల్మెట్లు లారీలో మా దగ్గరికొస్తాయి. లోపలి మెత్తలూ గడ్డం పట్టీ విప్పేసి, డొప్పని సబ్బునీళ్లతో కడిగి, చెడిందేదో బాగుందేదో ఏరాలి. అది పద్ధతి. పాత రంగు మెల్లగా గోకి తియ్యాలంటే పొద్దుపోతుందని, యజమాని తొట్టినిండా థిన్నర్ పోయించాడు. డొప్పలు అందులో ముంచమంటున్నాడు. రంగు వెన్నలా ఊడొస్తుంది. దాంతోపాటు జిగురూ వదులైపోతుంది. పొరకి పొర విడిపోతుంది. పైన కొత్త రంగు పడ్డాక కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

‘ఇవి మనుషుల నెత్తిమీదికి వెళ్తాయి కదండీ’ అన్నాను మేస్త్రీతో.

‘నీ నెత్తిమీదికి రావుగా, ముంచు’ అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నవ్వేవాళ్లని చూస్తే నాకు యజమాని మీదకంటే ఎక్కువ మండింది. లాభం అనేది మనిషి తలకాయని కూడా సరుకుగానే చూస్తుందని మొన్న ఒక కరపత్రంలో చదివాను. అది రాసినవాడు మా తొట్టి చూసే రాసుంటాడు.

అమ్మ బాగానే ఉంది. నీది ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చునే కాపలా అనే నమ్ముతోంది. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను కాబట్టి లారీల వెంట వెళ్లే సంగతులు దాటేస్తున్నాను.

మీకు కొత్త హెల్మెట్లు వచ్చాయా? వస్తే వెంటనే రాయి.

కోపంతో,
నీ తమ్ముడు


జూన్ 11

ఒరేయ్ చిచ్చుబుడ్డీ,

నీ ఉత్తరం సరుకుల లారీతోపాటు వచ్చింది. మా ఫోన్లు గేటు దగ్గర పెట్టెలోనే ఉంటాయని తెలుసుగా, అందుకని ఇక్కడ ఉత్తరం వస్తే చదివేది ఒకరైనా చుట్టూ మూగేది పదిమంది. నీది పైకి చదివాను. ‘నేరం ఇది, చేస్తున్నవాళ్లు వీళ్లు’ అన్న చోట మా గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్క మంచం పిల్ల అయితే ‘మీ తమ్ముడికి పెళ్లైందా’ అని అడిగింది. అది కొత్తగా చేరింది. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతుంది కాబట్టి నిద్రమొహం అని పేరు పెట్టాం. ఆ పేరుకి కూడా కోపం రాదు దానికి, అంత మెతక.

థిన్నర్ దగ్గర పనిచేస్తుంటే ముక్కుకి గుడ్డ కట్టుకోరా. తడిపి కట్టుకో. తలనొప్పి వస్తే బయటికొచ్చి కాసేపు నిలబడు. ఆ వాసన ఎంత చెడ్డదో నాకూ తెలుసు, ఎందుకంటే హెల్మెట్లు వచ్చాయి, పెట్టుకోగానే గుప్పుమంది! పైకి మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ‘మా తమ్ముడి చేతిమీదుగా వచ్చినవి’ అని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఒక్కటే బాధ. నా జుట్టు ముడి వల్ల హెల్మెట్ వెనక ఎత్తుకుని ముందు కళ్ల మీదికి దిగిపోతోంది. లారీ కుదుపుకి ఒకటే జారడం. మా ఇన్‌ఛార్జి ‘దారి కనిపిస్తోందా తల్లీ, చెయ్యి పట్టుకుని నడిపించమంటావా’ అని ఎగతాళి. అందుకని వెనక మెత్త పీకేశాను. ఇప్పుడు ముడి చక్కగా ఇమిడింది. గాలి కూడా ఆడుతోంది. మెత్తని దిండు కింద పెట్టుకున్నాను, మెడకి హాయిగా ఉంది.

గ్రీజు మరకలైతే లారీ డ్రైవర్ ఇచ్చిన పెట్రోలుతో తుడుచుకుంటున్నాం. కడిగి ఇంజన్ మూత మీద పెడితే చిటికెలో ఆరిపోతాయి. బల్లలు చాలవు కాబట్టి కూర్చోడానికీ అవే. చూశావా, నీ హెల్మెట్లు ఎన్ని రకాలుగా పనికొస్తున్నాయో!

అమ్మకి మందులు వేళకి ఇవ్వు. మేస్త్రీతో తగువులు పెట్టుకోకు.

మీ అక్క


జూన్ 17

అక్కా,

నా ముక్కు సంగతి వదిలెయ్. నేను రాసింది నా ముక్కు గురించి కాదు, నీ తల గురించి. ఇంత మంట పెట్టి రాస్తే నువ్వు దానిమీద చలి కాచుకుని చప్పట్లు కొట్టించావు. వెనక మెత్త పీకేశానన్న చోట ఉత్తరం కింద పెట్టేసి వీధిలోకి వెళ్లిపోయాను. అమ్మ ‘ఏమైందిరా, దానికి జ్వరమా’ అని వెంటపడింది. జలుబని చెప్పాను.

ఈసారి ఎవరికీ పైకి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చదువు. కరపత్రాల భాష ఒక్క ముక్క కూడా రాయను.

డొప్పకీ తలకీ మధ్య ఉండే సందు గాలికోసం కాదు. దెబ్బ తగిలినప్పుడు డొప్ప లోపలివైపుకి పొంగుతుంది. తూటా ఆగినా ఆ పొంగు ఆగదు. మెత్త ఉంటే అది మెత్తలో ఆగుతుంది, లేకపోతే నీ పుర్రెలో. కాబట్టి దిండు కింద ఉన్నదాన్ని తీసి ఎక్కడిది అక్కడ పెట్టు. మెత్తలు అన్నివైపులా ఒకేలా ఆనాలి. ఒకచోట నొక్కి, ఇంకోచోట వదులుగా ఉందంటే సర్దుకోవాలి, పీకెయ్యకూడదు.

ముడి వద్దు. జుట్టు రెండు పాయలు చేసి మెడ కిందుగా చదునుగా అల్లుకో. హెల్మెట్ ముందంచు కనుబొమలకి పైన వేలు పట్టేంత ఎత్తులో ఉండాలి. అంతకంటే పైకుంటే నుదురు ఖాళీ, కిందికుంటే కళ్లు మూత. పక్కనుంచి చూసేవాళ్లకి నేలకి సమంగా కనిపించాలి. గడ్డం పట్టీ కింద ఒక వేలు దూరాలి, రెండోది దూరకూడదు. తర్వాత, అమ్మ సంబంధాలు తెస్తే నువ్వు తల అడ్డంగా ఊపేదానివి చూడు, అలా గట్టిగా ఊపు. వంగి నేల చూడు. హెల్మెట్ నీతోపాటు కదలాలి, నీ తర్వాత కాదు.

పెట్రోలు తగలనివ్వకు. అదీ మా థిన్నర్ చేసే పనే చేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. మెత్తలు చేత్తో పిండి నీడలో ఆరెయ్యి. ఇంజన్ మూత మీద పెట్టకు, వేడికి జిగురు చస్తుంది. దాని మీద కూర్చునేవాళ్లని లేపెయ్, ఇన్‌ఛార్జి అయినా సరే.

ఇక అసలు సంగతి. పగటి వెలుగులో మెత్తలన్నీ తీసి, రెండు బొటనవేళ్లతో అంచు నుంచి పైదాకా నొక్కుకుంటూ రా. ఎక్కడా వంగకూడదు. వేలి కణుపుతో కొట్టు. మంచిదైతే టక్కుమంటుంది, చెడ్డదైతే నానిన అట్టపెట్టెని కొట్టినట్టు ఉంటుంది. రంగు కింద బొబ్బలున్నాయేమో చూడు. అంచు రబ్బరు కొంచెం పక్కకి లాగు. పొరలు తడిసిన పుస్తకంలా విచ్చుకుని కనిపిస్తే అది హెల్మెట్ కాదు, నీడకోసం పెట్టుకునే టోపీ. తీసుకెళ్లి మీకు హెల్మెట్లిచ్చే స్టోరాయన మొహాన కొట్టి ఇంకోటి తీసుకో.

నువ్వు ఇది చేశానని రాసేదాకా నాకు నిద్ర లేదు.

నీ తమ్ముడు


జూన్ 28

తమ్ముడూ,

చేశాను. ఒక్కదాన్నే చదివాను, తర్వాత ఆగలేక అందరిచేతా చేయించాను. భోజనాల హాలు వెనక బల్లల మీద హెల్మెట్లు వరసగా బోర్లించి టకటక కొడుతుంటే మా ఇన్‌ఛార్జి వచ్చి ‘ఏంటమ్మా, కచేరీయా?’ అన్నాడు. తర్వాత తనదీ తెచ్చి ‘ఇది ఏ రాగం పలుకుతోందో చూడు’ అన్నాడు. మంచిదే పలికింది.

నాది పలకలేదురా. ఎడమ చెవి పైన బొటనవేలు పెట్టి నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ మెల్లగా పైకొచ్చింది. నొక్కినచోట వేలు తియ్యడానికి భయమేసింది. ఇన్నాళ్లూ దాంట్లోనే తల పెట్టుకుని పాటలు పాడుకుంటూ తిరిగాను.

తీసుకెళ్లి స్టోరాయనకి ఇచ్చేశాను. మొహాన కొట్టలేదు, పెద్దాయన. ‘ఇది మెత్తబడిపోయిందండీ, ఎవరికీ ఇవ్వకండి’ అన్నాను. ‘నీకెలా తెలుసు’ అన్నాడు. ‘మా తమ్ముడు ఆ షెడ్డులోనే పనిచేస్తాడు, వాడే రాశాడు’ అన్నాను. ‘అలాగా! తెలివైనవాడే’ అని అడిగి మరీ నీ పేరు రాసుకున్నాడు. పాపం మంచివాడు. మారుమాట లేకుండా ఇంకోటి ఇచ్చాడు. దాన్ని నువ్వు చెప్పినట్టే అంతా చూశాను. రాయిలా ఉంది. జుట్టు రెండు పాయలు చేసి అల్లుకున్నాను. తల అడ్డంగా ఊపితే నాతోపాటే ఊగింది. నిద్రమొహం చూసి తనకీ అలాగే అల్లమంది. అల్లుతుంటే మధ్యలోనే నిద్రపోయింది.

ఇక నాకేం భయం లేదు. నా సంగతి తేలిపోయింది కాబట్టి నువ్వు కూడా కాస్త చల్లబడు. ఎవరెవరి తలలో నెత్తినేసుకుని తిరగాల్సిన పని నీకు లేదు. మేస్త్రీ ముంచమన్నది ముంచు. ఉద్యోగం పోతే అమ్మ మందులకి నా ఒక్క జీతం చాలదు. కోపం కాస్త తగ్గించుకుని మంచి చొక్కా కుట్టించుకో. ఇక్కడ నీకో సంబంధం సిద్ధంగా ఉంది, మెలకువగా ఉన్నప్పుడు అడుగుతాను.

ప్రేమతో,
మీ అక్క


జూన్ 29

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. ఒక మాట తప్పు రాశాను, నువ్వు అలా చేసేలోపే దిద్దుకోవాలి. చెడ్డ హెల్మెట్ తిరిగి ఇవ్వకు. ఇవ్వాల్సివస్తే ముందు దాని గడ్డం పట్టీ కోసెయ్.

మా షెడ్డులో పట్టీలు కుట్టే పిన్ని ఉంది. ఎవరితోనూ కలవదు, మిషను చప్పుడులో తనలో తనే సణుక్కుంటుంది. ఇవాళ నేను ఏరి పక్కన పెట్టిన చెడ్డ డొప్పలు చూసి ‘వీటినెందుకురా ఏరడం, ఎలాగూ రేపు నా దగ్గరికే వస్తాయి పట్టీలకి’ అంది. ఎందుకొస్తాయని అడిగాను. చెప్పింది.

ఈ యజమాని వాళ్ల నాన్న ఉన్నప్పుడు చెడ్డదని తేలిన డొప్పకి అప్పటికప్పుడే పట్టీ కోసి, నడినెత్తిన డ్రిల్లుతో బెజ్జం వేసేవాళ్లట. చూస్తే చాలు, చచ్చిందని ఎవరికైనా తెలిసేది. దొంగ కూడా ఎత్తుకుపోయేవాడు కాదట. ఈయన వచ్చాక ‘పట్టీ కొయ్యొద్దు, బెజ్జం వెయ్యొద్దు, అరలో పెట్టండి చాలు’ అన్నాడు. ఆ అర శనివారం సాయంత్రానికి ఖాళీ అవుతుంది. నేను ఆ అరని రోజూ చూస్తూనే ఉన్నాను. పారేస్తున్నారేమో అనుకున్నాను. అన్యాయాల మీద ఇన్ని చదివినవాణ్ని, కళ్లెదుట ఒక అర ఖాళీ అవుతుంటే ఎక్కడికి పోతున్నాయని అడగలేదు.

మీ స్టోరు కూడా అంతే అయ్యుంటుంది. బెజ్జం లేని డొప్ప ఎవరికైనా మంచిదిలానే కనిపిస్తుంది. నువ్వు దాన్ని ఇస్తే అది పోదు, ఇంకొకరి నెత్తి మీదికి వెళ్తుంది. కత్తెరతో పట్టీ కొయ్యి, మేకుతో నడినెత్తిన పొడువు. జీతంలో కోసుకుంటే కోసుకోనీ. అందరికీ చెప్పు. ఈసారి పైకి చదువు.

నీ తమ్ముడు


జూలై 9

తమ్ముడూ,

నీ 29వ తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. నిద్రమొహాన్ని మొన్న ఆస్పత్రికి తీసుకెళ్లారు.

లారీల వెంట వెళ్తున్నాం. అది ముందు బండిలో, నేను వెనక బండిలో. రోడ్డు మీద వంతెన ఒకటి ఉంది, దాని కిందనుంచి వెళ్లాలి. పైన ఎవరో కొంతమంది నిలబడి ఉన్నారు. మామూలుగా కూడా నిలబడతారు. రాయి వేశారు. తూటా కూడా కాదు, రాయి. పిడికిలంత ఉంటుంది. దాని హెల్మెట్ మీద పడింది. మంచి హెల్మెట్ అయితే మెడ పట్టేసి నాలుగు రోజులు తిట్టుకునేది. నేను వెళ్లేసరికి బండిలో కూర్చునే ఉంది, ఎప్పటిలా నిద్రపోయిందనుకున్నాను. పిలిచాను.

హెల్మెట్ నేనే విప్పాను. ఎడమ చెవి పైన లోపలికి దిగిపోయి ఉంది. మెత్త తీస్తే వెనక నా జడపిన్ను ఇరుక్కుని ఉంది.

స్టోరాయన నేనిచ్చినదాన్ని అర మీద పెట్టాడు, నిద్రమొహం పాతదానికి పట్టీ బకిల్ విరిగిందని అర మీదది తీసి ఇచ్చాడు. అంతే జరిగింది. అది తెచ్చుకుని నా దగ్గరికే వచ్చింది, ‘అక్కా సరిగ్గా పెట్టు’ అని. నేను జుట్టు అల్లాను. ముందంచు వేలెత్తులో సర్దాను. పట్టీ కింద వేలు పెట్టి చూశాను. తల ఊపమన్నాను, ఊపింది. కణుపుతో కొట్టి చూడలేదు. అప్పటికే డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నువ్వు చెప్పినవన్నీ చేసి, ఆ ఒక్కటి చెయ్యలేదు.

డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు. కళ్లు తెరిచి ఉన్నా ఎవరినీ గుర్తుపట్టడం లేదు.

పైనుంచి ఒకాయన వచ్చి విచారణ చేశాడు. ‘గడ్డం పట్టీ సరిగా బిగించుకోకపోవడం వల్ల’ అని తేల్చాడు. నేను లేచి ‘ఆ పట్టీ నేను బిగించాను, ఒక్క వేలే దూరింది’ అన్నాను. కూర్చోమన్నాడు. ఆ హెల్మెట్ ఏదని అడిగితే మరమ్మతుకి పంపేశామన్నారు. మరమ్మతు అంటే ఎక్కడికో నీకు తెలుసు.

నీ మీద కోపంగా ఉందిరా. నా తల ఎలా కాపాడుకోవాలో వేళ్లతో సహా లెక్కగట్టి రాశావు. దాన్నేం చెయ్యాలో మాత్రం ఒక్క ముక్కలో ‘స్టోరాయన మొహాన కొట్టు’ అన్నావు. నేనూ అంతే, నాది మారింది కదా అని చొక్కాల గురించి రాశాను. మనిద్దరం కలిసి దాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టాం.

అమ్మకి ఏం చెప్తావో నీ ఇష్టం.

అక్క


జూలై 15

అక్కా,

ఏమీ తోచక రెండు కాగితాలు చింపేశాను. నువ్వు అన్నది నిజం. అందులో ఒక్క అక్షరం కూడా కాదనను.

ఆ డొప్ప ఇక్కడికి వచ్చింది. లోపల రక్తం మరక చూసి మేస్త్రీ దాన్ని అందరికంటే ముందు తొట్టిలో పడెయ్యబోయాడు. నేను లాక్కున్నాను. పట్టీల పిన్ని లేచి వచ్చి, తన కత్తెరతో దాని పట్టీ కోసి నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్లలో ఆమె మిషను దగ్గరనుంచి లేవడం నేను చూడటం అదే మొదటిసారి. దాన్ని గోడ మీద తగిలించాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఎవరూ తొట్టిలో చెయ్యి పెట్టలేదు. నవ్వినవాళ్లు కూడా.

యజమాని నన్ను తన అద్దాల గదికి పిలిచాడు. అరుస్తాడని సిద్ధపడి వెళ్లాను. టీ తెప్పించాడు. కూర్చోమన్నాడు. ‘మీ అక్కయ్య క్షేమమేనా’ అన్నాడు. ‘ఆవిడ పనిచేసే చోటు ప్రమాదకరమైనది కదా. ఇక్కడ మనం పని ఆపితే అక్కడికి హెల్మెట్లు ఆగిపోతాయి. అప్పుడు ఆవిడ ఏం పెట్టుకుని వెళ్తుంది? ఆలోచించు.’ ఎంతో మెత్తగా అన్నాడు. మీ స్టోరాయన నా పేరు రాసుకున్నది ఎవరికోసమో అప్పుడర్థమైంది. అక్కా, అక్కడ ఎవరితోనూ ఇక నా మాట ఎత్తకు.

మేం అడిగేవి ఇవే. థిన్నర్ తొట్టి తియ్యాలి. చెడ్డదానికి పట్టీ కోసి బెజ్జం వెయ్యడం మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పటిదాకా పంపినవన్నీ వెనక్కి తెప్పించి, మా చేత, పగటి వెలుగులో పరీక్ష చేయించాలి. ఇవి ఒప్పుకునేదాకా పని లేదు. ఆయన ఒప్పుకోనన్నాడు. గేటుకి కాపలా తెప్పిస్తానన్నాడు. తెప్పించుకోనీ. కుర్రాళ్లు ఉడికిపోతున్నారు. ఆ అద్దాల గది మీద ఒక్క రాయి పడితే అన్నీ వాటంతటవే ఒప్పుకుంటాడని అందరితోపాటు నేనూ అన్నాను.

ఆ పిల్ల ఎలా ఉందో రాయి. మూడుసార్లు అడిగినట్టు అనుకో.

నీ తమ్ముడు


జూలై 20

తమ్ముడూ,

ఎలా ఉందో చెప్పడానికి ఏమీ లేదు. అలాగే ఉంది. వాళ్లమ్మ వచ్చింది. నేను చెయ్యి పట్టుకుంటే ‘జడ నువ్వే వేసేదానివటగా, నీ గురించి రాసేది’ అంది. బయటికి వచ్చేశాను.

మాకు కొత్త డ్యూటీ పడింది. ఒక షెడ్డు దగ్గర పనివాళ్లు గొడవ చేస్తున్నారట, శుక్రవారం పొద్దున్నుంచి గేటు ముందు నిలబడాలట. ఊరిపేరు, వీధిపేరు చదివి వినిపించారు. మన వీధికి రెండు వీధుల అవతల.

నేను రానని ఇన్‌ఛార్జికి చెప్పాను. ‘రాకపోతే నీ బదులు ఇంకో పిల్లని పంపిస్తారు, అదీ కొత్తదే’ అన్నాడు. ఆయన బెదిరించలేదురా, ఉన్నమాట చెప్పాడు. అందుకని వస్తున్నాను.

బయల్దేరేముందు హెల్మెట్లు మళ్లీ ఇచ్చారు. నేను అందరివీ కొట్టి చూశాను. మా వరసలో ఎవరిది మంచిదో ఎవరిది కాదో నాకు తెలుసు. చెడ్డవాటికి పట్టీ కోస్తానంటే స్టోరాయన కత్తెర లాక్కున్నాడు. ‘ఇవి కోస్తే మరి లేవు, ఉత్త తలతో నిలబడతారా’ అన్నాడు. నా మంచిదాన్ని ఒకమ్మాయికి ఇచ్చి ఆమెది నేను తీసుకున్నాను. ఏది తీసుకున్నానో నువ్వు అడగొద్దు.

నువ్వు అద్దాల గది గురించి రాశావు. ఆ గది ముందు నిలబడేది మేమే. పై నుంచి మాకు చెప్పింది కూడా విను. మొదటి రాయి పడగానే కాల్చమన్నారు.

నీకు ఎంత కోపమున్నా ఆ రోజు ఇంట్లో ఉండు. నామాట వింటే ఇంట్లో ఉండు.

అక్క


జూలై 23

అక్కా,

ఇంట్లో ఉండలేను. నేను లేకపోయినా మిగతావాళ్లు వస్తారు, అప్పుడు నీ నెత్తి సంగతి వాళ్లకి చెప్పేవాళ్లెవరు?

ఇవాళ పొద్దున యజమాని గేటు ముందు రెండు లారీల కంకర దింపించాడు. రోడ్డు బాగు చేయిస్తాడట. ఇన్నేళ్లూ ఆ గుంటల్లో సైకిళ్లు పడి మోకాళ్లు పగిలినా చీమ కుట్టినట్టు లేనివాడు, ఈవేళ కంకర పోయించాడు. పిడికిలంత రాళ్లు. ఏరుకోవడానికి వంగక్కర్లేనంత ఎత్తు గుట్ట.

మధ్యాహ్నం మీటింగులో నేను ఆ గుట్ట ఎవరికోసమో చెప్పాను. ‘మనం ఒక్కటి విసరాలని పోశాడు. విసిరితే కాలుస్తారు. అప్పుడు థిన్నర్ తొట్టి మాటే ఉండదు’ అన్నాను. కుర్రాళ్లు లేచారు. ‘మొన్నటిదాకా నిప్పులు కక్కావు, అక్క వస్తోందనేసరికి నీరుగారిపోయావా’ అని ఒకడు. ‘అక్కాతమ్ముళ్లు ఇంట్లో మాట్లాడుకోండి’ అని ఇంకొకడు. నాకు పిడికిలి బిగిసింది. కొట్టేవాణ్నే. పట్టీల పిన్ని గోడ మీది డొప్ప తీసుకొచ్చి వాడి చేతికిచ్చింది. ‘నొక్కు’ అంది. వాడు బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి వెళ్లింది. ‘ఇది ఎవరు ముంచారో చెప్పు’ అంది. వాడే ముంచాడు. మేమందరం ముంచాం.

‘అవును, మా అక్కే వస్తోంది’ అన్నాను. ‘ఆమె పక్కన నిలబడేవాళ్లు ఎవరి అక్కలు? అటువైపు ఏ తల మీద రాయి పడినా అది మన తొట్టిలోంచి వచ్చిన డొప్ప మీదే పడుతుంది. ఏది ఆగుతుందో ఏది ఆగదో దూరంనుంచి మనకే తెలీదు.’

కొందరు ఒప్పుకున్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు. వాళ్లెటు వెళ్లారో నాకు తెలీదు. కంకర గుట్ట చుట్టూ సాయంత్రం నుంచి నేనూ పిన్నీ ఇంకో నలుగురూ కూర్చున్నాం. యజమాని మనుషులు వీధి చివర జీపులో కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. వాళ్లూ లేవడం లేదు.

అమ్మకి అంతా చెప్పేశాను. తిట్టలేదు. ‘అయితే రేపు దాన్ని చూడొచ్చన్నమాట’ అంది. వద్దన్నా వినడం లేదు, ముందు వరసలో నిలబడుతుందట. చూపు సరిగా ఆనదు కదా, అందరూ ఒకేలా హెల్మెట్లు పెట్టుకుంటే నువ్వెవరో ఎలా తెలుస్తుందని అడుగుతోంది.

ఈ ఉత్తరం నీకు అందేలోపు నువ్వు బయల్దేరి ఉంటావు. అందుకే ఇందులోని ఆఖరి మాట అచ్చేయించి షెడ్డు గోడకీ, గేటుకీ, మీ బండి ఆగే మలుపు దగ్గరి స్తంభానికీ అంటించాం. బండి దిగగానే చదువు. మీ వాళ్లకి పైకి చదివి వినిపించు.

నీ తమ్ముడు

*షెడ్డులో పనిచేసేవాళ్లకీ, గేటు ముందు నిలబడే దళంవాళ్లకీ:*

*మేము పాడు చేసిన హెల్మెట్లు మీ తలల మీద ఉన్నాయి. పాడు చేయించింది షెడ్డు యజమాని. బాగున్నాయని సంతకం పెట్టింది తనిఖీ అధికారి. ఒక అమ్మాయి ఆస్పత్రిలో ఉంది. ఇంకొకరు వెళ్లకూడదు.*

*షెడ్డువాళ్లు కంకర గుట్టకి దూరంగా, చేతులు కనిపించేలా నిలబడండి. దళంవాళ్లు మీ హెల్మెట్లు విప్పి, మెత్తలు తీసి మా చేతికివ్వండి. మీ కళ్లెదుటే, పగటి వెలుగులో, ఒక్కొక్కటీ నొక్కి చూస్తాం, కొట్టి చూస్తాం. చచ్చినదానికి అక్కడే పట్టీ కోస్తాం, నడినెత్తిన బెజ్జం వేస్తాం. కత్తెరా డ్రిల్లూ మేం తెస్తాం.*

*రాళ్లు ఎవరూ ముట్టుకోవద్దు. తుపాకులు నేలవైపు ఉంచండి.*

*శుక్రవారం ఉదయం ఏడు గంటలకి, షెడ్డు గేటు ముందు. అందరూ రండి.*